రెండో జాడీ

రోజూ పొద్దున్న తొమ్మిదింపావుకి పిన్ని గాజు జాడీని రెండు చేతులా ఎత్తి, గోడ క్యాలెండరు ముందు పట్టుకుని, నీళ్లలోంచి ఆనాటి తేదీ చదువుతుంది. అంకె నల్లగా, అంచులు చెదరకుండా కనిపిస్తే నీళ్లు బాగున్నట్టు. చుట్టూ రవ్వంత మసక కనిపించినా జాడీ మొత్తం తొట్లో పోసేసి మళ్లీ మొదటినుంచీ కలుపుతుంది. చూసేవాళ్లకి ఇదంతా చాదస్తంలా ఉంటుంది. ఆమెకి మాత్రం ఆ అంకె చదివాకే రోజు మొదలైనట్టు.

వైద్య కళాశాలలో మూడో అంతస్తు చివరి గది ఆమెది. అందరూ ఉప్పుల పిన్ని అంటారు. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. పక్క గదిలో గుండె కండరం మీద పరిశోధన జరుగుతుంది. ఎలుక గుండెలోంచి అగ్గిపుల్ల మందమంత కండర పోగు తీసి, ఒక కొసకి కొక్కెం, రెండో కొసకి పట్టుదారం కట్టి, చిన్న గాజు గొట్టంలో వేలాడదీస్తారు. సెకనుకొకసారి సన్నటి కరెంటు తగిలిస్తే ఆ పోగు ముడుచుకుంటుంది, వదులవుతుంది. ఎంత బలంగా ముడుచుకుందో, ఎంత ఆక్సిజన్ తాగిందో పక్కనున్న తెర మీద గీతలుగా పడుతుంది. ఒంట్లోంచి ఊడి వచ్చిన కండరం గంటల తరబడి అలా బతికి ఉండాలంటే దానికి నెత్తురులాంటి నీళ్లు కావాలి. ఆ నీళ్లు కలపడమే పిన్ని పని.

అవి ఒట్టి ఉప్పునీళ్లు కావు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, కాస్త వంటసోడాలాంటి ఉప్పు, కొంచెం గ్లూకోజు, అన్నీ లెక్క ప్రకారం పడాలి. పొటాషియం హద్దు దాటితే గుండె చతికిలబడి ఊరుకుంటుంది. కాల్షియం తగ్గితే ముడుచుకోవడానికి బద్ధకిస్తుంది. అందులోనూ కాల్షియం పెద్ద పేచీకోరు. దాన్ని అన్నిటికన్నా చివర వెయ్యాలి. వేసేముందు ఆక్సిజన్‌లో కాస్త కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసుని ఇరవై నిమిషాలు నీళ్లలోకి బుడగలుగా వదలాలి. ఆ గ్యాసు పట్టిన నీళ్లలో కాల్షియం బుద్ధిగా కరిగిపోతుంది. పట్టని నీళ్లలో వేస్తే మిగతా ఉప్పులతో జతకట్టి సున్నంలా తెల్లగా విరిగిపోతుంది.

"ల్యాబులో మిల్లీగ్రాము తేడా రానివ్వవు. ఇంట్లో కూరలో మాత్రం గుప్పిట మూసి ఎంత పడితే అంత!" అని ఆమె భర్త ఎప్పుడూ దెప్పుతుంటాడు. ఆయన పుస్తకాల బైండరు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం.

"కూర చప్పగా ఉంటే మీరు నోరు పారేసుకుంటారు. కండరం చప్పగా ఉంటే పాపం నోరు లేదు దానికి" అంటుంది పిన్ని.

అలా ఇరవై అయిదేళ్లు గడిచాయి. ఆ ఇరవై అయిదేళ్లూ ఒక్క తప్పు లేదని విభాగమంతా చెప్పుకునేది. అదే ఆమె కొంప ముంచింది.

ఆ ఏడు ల్యాబులో పరిశోధన చేస్తున్న అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. మనిషి పిడికెడంత. నడవదు, ఒక పరికరం దగ్గర్నుంచి ఇంకో పరికరం దగ్గరికి గెంతుతుంది. గెంతినంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది. ఒక కొత్త మందు గుండె కండరం మీద ఎలా పనిచేస్తుందో తేల్చడం ఆమె పని. రోజూ మొదట ఒట్టి ఉప్పునీళ్లలో కండరాన్ని కొట్టుకోనిచ్చి, గీతలు తీసుకుని, తర్వాత అలాంటి నీళ్లలోనే మందు కలిపి పోసి, ఏం మారిందో చూసేది. అందుకని పిన్ని రోజుకి రెండు జాడీలు కలిపేది. మొదటి జాడీ ఒట్టిది. రెండో జాడీలో మందు పడుతుంది.

తక్కువ మోతాదులన్నీ అయిపోయాయి. కండరం ఉలకలేదు, పలకలేదు. పిచ్చుక ముఖం వేలాడేసింది. "రెండేళ్లు పిన్నీ! రెండేళ్లు ఎలుకల ఉసురు పోసుకుని, దీనికి ఏ గుణమూ లేదని రాయాలి కాబోలు" అంది. ఇక మిగిలింది అన్నిటికన్నా పెద్ద మోతాదు. దానికి ఆరు రోజులు, ఆరు కండరాలు.

సరిగ్గా ఆ వారమే గ్యాసు అయిపోవచ్చింది.

సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే కొత్తదానికి చీటీ రాసి పంపడం పిన్ని బాధ్యత. చీటీ రాసింది కూడా. రాసి చేతిసంచిలో పెట్టుకుని పది రోజులు మరిచిపోయింది. ఆ పది రోజులూ ఆమె ధ్యాస ఇంకోచోట ఉంది. ఇరవై అయిదేళ్ల సేవకి విభాగంవాళ్లు శనివారం సాయంత్రం చిన్న సభ పెడుతున్నారు. ఏ చీర కట్టుకోవాలి, రెండు మాటలు మాట్లాడమంటే ఏం మాట్లాడాలి, నోరు ఎండిపోతే ఎలాగ, ఇదే గొడవ. సోమవారం పొద్దున్న చూసుకునేసరికి సిలిండరులో ఉన్న గ్యాసు రోజుకొక జాడీకీ, కండరం వేలాడే గొట్టానికీ సరిపోతుంది. రెండో జాడీకి చాలదు.

గబగబా చీటీ పంపింది. "నాలుగైదు రోజులు పడుతుందండీ" అన్నాడు గ్యాసు గుమాస్తా. ఆ మాట వెళ్లి పెద్దాయనకి చెప్పాలి. పెద్దాయన అంటే విభాగాధిపతి. కసురుకునే మనిషి కూడా కాదు. చెబితే, "సరే, గ్యాసు వచ్చాక చేసుకోండి" అనేవాడు, అంతే. కానీ శనివారం సభలో లేచి నిలబడి 'ఒక్క తప్పు లేకుండా' అనబోయేది ఆయనే. పిన్నికి నోరు రాలేదు.

రెండో జాడీకి రెండు నిమిషాలు మాత్రం గ్యాసు పట్టించి కాల్షియం వేసింది. కళ్లముందే నీళ్లు తెల్లబడ్డాయి. తొట్లో పోసేయాల్సిన నీళ్లవి. ఒక్కసారి గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరు. వడపోత కాగితం మడిచి గరాటులో పెట్టి నీళ్లు వడకట్టింది. ఒకసారికి చాలక రెండోసారి. కాగితం మీద పలచటి తెల్లటి పొర మిగిలింది, నీళ్లలో ఉండాల్సిన కాల్షియమే అది. జాడీ ఎత్తి క్యాలెండరు ముందు పట్టుకుంటే అంకె నల్లగా, నదురుగా కనిపించింది. కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి, పైన ఇంకో కాగితం కప్పింది.

తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా ఆమెకి లేదు. ఏటా కొత్త విద్యార్థులకి పెద్దాయన కప్ప గుండెతో ఒక పాఠం చెబుతాడు. కాల్షియం లేని నీళ్లు పోయగానే గుండె నీరసించి, గీత చిన్నదై, చివరికి చదునైపోతుంది. మళ్లీ మంచి నీళ్లు పోస్తే లేచి కొట్టుకుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ కాల్షియం లేని సీసా ఏటా కలిపి ఇచ్చేది పిన్నే.

మధ్యాహ్నం పక్క గదిలోంచి కేక వినపడింది. "పిన్నీ! పడిపోయింది! పరుగెత్తుకురా!"

పిన్ని చేతిలో గరాటు అక్కడే పెట్టేసింది. వెళ్లేసరికి పిచ్చుక తెరముందు గెంతుతోంది. "చూడు, సగానికి పడిపోయింది! ఆక్సిజన్ కూడా తక్కువ తాగుతోంది. అలిసిపోయిన గుండెకి విశ్రాంతి ఇవ్వడమంటే ఇదేగా! ఇంకోటి చూడు." మొదటి జాడీ నీళ్లు మళ్లీ పోసింది. నిమిషాల్లో గీతలు పైకి లేచాయి. "కడిగేస్తే పోతుంది కూడా. అంటే కండరానికి దెబ్బ తగల్లేదు. ఇదంతా మందు మహిమే!" అని పిన్ని మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

పిన్ని తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది. "మందేనంటావా?" అంది.

"మరి నీ ఉప్పునీళ్లా?" అని పకపకా నవ్వింది పిచ్చుక.

ఆ నవ్వులోనే చెప్పేయాల్సింది. చెప్పలేదు. మొదటి రోజుది తొందరపాటు అనుకోవచ్చు. మంగళవారం, బుధవారం, గురువారం కూడా వడకట్టింది. శుక్రవారం మధ్యాహ్నం కొత్త సిలిండరు వచ్చింది, కానీ అప్పటికే ఆ రోజు జాడీ వెళ్లిపోయింది. ఇక మిగిలింది శనివారం. శనివారం సంగతి ఆమె తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

శనివారం సాయంత్రం సభ జరిగింది. పెద్దాయన అనుకున్నట్టే ఆ మాట అన్నాడు. అందరూ కలిసి గోడగడియారం బహూకరించారు. పిన్ని రెండు మాటలు కూడా మాట్లాడలేకపోయింది. ఆనందంతో గొంతు పూడుకుపోయిందని అంతా అనుకున్నారు. పిచ్చుక ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఏడు నెలలు గడియారం ఇంట్లో ముందుగది గోడ మీద టిక్కుటిక్కుమంటూనే ఉంది. పిన్ని దానివైపు చూడకుండా టైము కనుక్కోవడం నేర్చుకుంది. వీధిలోకి తొంగిచూసి ఎవరినో అడిగేది. "గడియారం నెత్తిమీద పెట్టుకుని ఊరందర్నీ టైము అడుగుతావేమే?" అనేవాడు భర్త.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ముందుగదిలోకి వచ్చేసరికి ఆయన కొత్త కాగితాల దొంతర కుట్టుచట్రానికి బిగించి ఉన్నాడు. పక్కన జిగురు గిన్నె వెచ్చబడుతోంది. పైన వేయాల్సిన నీలం అట్టమీద బంగారు అక్షరాలు అప్పటికే అచ్చొత్తి పెట్టాడు.

"ఎవరిదో చెప్పుకో చూద్దాం" అన్నాడు ఉత్సాహంగా. "మీ పిచ్చుకది! నిన్న నువ్వు లేనప్పుడు స్వయంగా వచ్చి ఇచ్చి వెళ్లింది. రేపు సాయంత్రానికి అయిదు ప్రతులు కావాలట. ఎల్లుండి దాఖలు చేస్తుందట. ఆ తర్వాత ఏదో కళాశాలలో ఉద్యోగం, ఖాయమైపోయిందిట. మనవాళ్ల పుస్తకం కదా, దారం రెండు పేటలు వేస్తున్నా."

పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంకా ఉంది విను" అని ఆయన విడిగా ఉన్న ప్రతిలోంచి మూడో పేజీ తీసి, కళ్లజోడు సవరించుకుని, పద్యం చదివినట్టు చదివాడు. "'ఏనాడూ ఒక్క పొరపాటు లేకుండా నా కండరాలకు ప్రాణం పోసిన ఉప్పుల పిన్నికి.' విన్నావా? పెద్దాయన పేరు తర్వాత నీదే! వాళ్ల అమ్మానాన్నలు కూడా నీ తర్వాతే. ఇన్నేళ్లుగా ఇన్ని పుస్తకాలు కుట్టాను, మన ఇంటి మనిషి పుస్తకంలో ఎక్కడం ఇదే మొదలు."

పిన్ని దొంతరలోంచి అయిదో అధ్యాయం వెతికింది. ఆమెకి గీతలు చదవడం వచ్చు. ఆరు కండరాలు, ఆరు గీతలు, ఆరూ ఒక్కచోటే సగానికి దిగిపోయి ఉన్నాయి. ఎంత ముద్దుగా, ఎంత పొందిగ్గా ఉన్నాయో! ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. నిజానికి వాటి తల్లి తనే.

"జిగురు దించండి" అంది.

"ఇంకా పాకం రాలేదే."

"దించండి. ఈ పుస్తకం అతికించకండి."

ఆయన చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది. పిన్ని తల ఎత్తకుండా చెప్పింది. సంచిలో మరిచిపోయిన చీటీ, తెల్లబడ్డ నీళ్లు, వడపోత కాగితం, చెత్తబుట్ట. అయిదు రోజుల సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. చీలకపోయేసరికి చివరిదాకా చెప్పక తప్పలేదు.

ఆయన కుంచె గిన్నె అంచున ఆనించాడు. తర్వాత పొయ్యి ఆర్పాడు. "నేను కుట్టు తప్పుతుంటాను. పేజీ తలకిందులుగా పెట్టేస్తుంటాను. విప్పి మళ్లీ కుడతాను. నాది విప్పితే వచ్చేస్తుంది" అన్నాడు. తిట్టి ఉంటే పిన్నికి కాస్త తెరిపిగా ఉండేది. ఆయన చట్రం బిగింపులు ఒక్కొక్కటే వదులు చేసి, కాగితాలు సర్దిపెట్టి, అట్టలు విడిగా కట్టాడు. బంగారు అక్షరాలు కనపడకుండా వాటి మీద పాత పేపరు కప్పాడు.

సోమవారం పొద్దున్న పిన్ని క్యాలెండరు దగ్గరికి కూడా పోలేదు. పిచ్చుక రాగానే ఎదురెళ్లింది.

"ఏంటి పిన్నీ, బాబాయి నా పుస్తకం తలకిందులుగా కుట్టేశాడా?" అని నవ్వుతూ సంచి బల్లమీద పడేసింది పిచ్చుక.

"నీతో ఒక మాట చెప్పాలి. కూర్చో."

"అమ్మో, కూర్చోబెట్టి చెప్పే మాటా!"

పిన్ని చెప్పింది. ఇంట్లో ఒకసారి చెప్పిన మాటలే, అయినా ఈసారి తేలిగ్గా రాలేదు. మధ్యలో రెండుసార్లు నీళ్లు నమిలింది. పిచ్చుక ముఖంలో నవ్వు ఒకేసారి పోలేదు. కొంచెం కొంచెంగా, కాల్షియం తీసేసిన గుండె గీత చిన్నదైనట్టు చిన్నదవుతూ పోయింది.

"ఎన్ని రోజులు?" అంది చివరికి.

"అయి... ఆరు."

"శుక్రవారం గ్యాసు వచ్చిందిగా? సంతకం పెట్టి దించుకుంది నేనే." పిచ్చుక వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "శనివారం గ్యాసు ఉంది కదా. మరి శనివారం గీత కూడా సగానికే ఎందుకు పడింది?"

భర్తకి కూడా చెప్పని మాట ఇదే. పిన్ని చేతుల్లో కొంగు నలిగిపోతోంది.

"ఉంది. సిలిండరు నిండా ఉంది. అయినా పట్టించలేదు. అయిదు రోజులూ ఒకలా వచ్చి ఆరో రోజు ఇంకోలా వస్తే నువ్వు ఎందుకని అడుగుతావు. అడిగితే అంతా బయటపడుతుంది. పైగా ఆ సాయంత్రమే సభ. అందుకని కావాలనే వడకట్టాను."

పిచ్చుక తల తిప్పి మూలనున్న సిలిండరు వైపు చూసింది.

"అంటే నాకు ఏం కావాలో చూసి కలిపావన్నమాట" అంది పిచ్చుక. "నేను రోజూ నీ ముందు గెంతాను. మెడ పట్టుకుని ఊగాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు."

పిన్ని తల మరింత వంచింది. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి తల్లీ అని లోపల్లోపల వేడుకుంటోంది.

పిచ్చుక లేచింది. "మీరు వెళ్లండి. నేను సార్‌కి చెప్పుకోవాలి" అంది. ఇన్నాళ్లలో మొదటిసారి మీరు అంది.

పెద్దాయన ఇద్దర్నీ పిలిపించి మొత్తం విన్నాడు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "రెండో జాడీ నీళ్లు మందు కలపకుండా ఒక్కసారి పోసి చూడమని నేను చెప్పి ఉండాల్సింది. ఒక్కసారి పోసినా అప్పుడే దొరికిపోయేది. నీళ్లు కలిపేది ఈమె కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను" అన్నాడు. పిన్ని తన తప్పులో ఆయన వాటా అడుగుతాడని అనుకోలేదు. ఆయన అలా తన మీద వేసుకోవడంతో ఆమెకి తల కొట్టేసినట్టయింది. "మళ్లీ చెయ్యండి. ఆరు కాదు, పది" అన్నాడు.

"నీళ్లు ఎవరు కలుపుతారు సార్?" అంది పిచ్చుక.

"ఆవిడే కలుపుతుంది. నువ్వు పక్కన నిలబడి చూస్తావు."

ఎలుకలకి కొత్తగా అనుమతి తెచ్చుకుని పది కండరాలూ పూర్తిచేసేసరికి మూడు నెలలు పట్టింది. పిచ్చుక చేతిగడియారం చూసి ఇరవై నిమిషాలు లెక్కపెట్టేది. పిన్ని కాల్షియం తూచి, త్రాసులో అంకె ఆమెకి చూపించి అప్పుడు వేసేది. ఇద్దరి మధ్యా అంకెలు తప్ప మాటలు లేవు. "ఇరవై అయింది." "చూడండి, సరిపోయిందా?" "వెయ్యండి." అంతే. నీళ్లు ఒక్కసారీ తెల్లబడలేదు.

పెద్ద మోతాదు మందు పోస్తే కండరం బలం నూటికి ఏడెనిమిది పాళ్లు తగ్గింది. ఆక్సిజన్ తాగడంలో తేడా ఏమీ లేదు. నలభై పేజీల అధ్యాయం తొమ్మిది పేజీలైంది. ఈలోగా అక్కడ ఖాయమైన ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారు. ఆ కబురు పిచ్చుక పిన్నికి చెప్పలేదు. ఫోనులో ఎవరికో చెబుతుంటే పిన్ని గోడ ఇవతల కొలజాడీ కడుగుతూ వింది. కడిగిన జాడీనే మళ్లీ మళ్లీ కడిగింది.

పుస్తకం మళ్లీ బైండింగుకి వచ్చింది. ఈసారి పిచ్చుక స్వయంగా రాలేదు, ఎవరిచేతో పంపించింది. అట్టలు పాతవే, పక్కన పెట్టి ఉంచినవే. వీపు మాత్రం సన్నబడింది కనుక బైండరు కొత్తగా కోయాల్సి వచ్చింది. మూడో పేజీ ఆయన పైకి చదవలేదు. పిన్నే తీసి చూసుకుంది. 'ఉప్పునీళ్లు తయారుచేసిన పిన్నికి' అని ఉంది. కొట్టేసి ఉంటుందని అనుకుంది. కొట్టేయలేదు. అమ్మానాన్నల తర్వాత, గ్యాసు గుమాస్తాకి ముందు, ఉన్నదున్నట్టు ఒక్క ముక్క. ఆ ముక్క చదివి పిన్ని చాలాసేపు ఏడ్చింది. అది క్షమో కాదో ఆమెకి తెలియలేదు. అడిగే ముఖం లేదు.

"దారం రెండు పేటలే వేస్తున్నా" అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

పుస్తకం దాఖలైన రోజు పిచ్చుక ల్యాబు ఖాళీ చేసింది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "రెండో జాడీకి గ్యాసు ఎన్ని గంటలకి మొదలుపెట్టారో, ఎన్ని గంటలకి ఆపారో రోజూ రాసి పెట్టండి. నా తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది" అంది. పిన్ని తలూపింది. అంతకుమించి వీడ్కోలు జరగలేదు.

మర్నాడు పిన్ని ఇంటి గోడ మీది గడియారం దించి, చీరకొంగుతో తుడిచి, ల్యాబుకి తెచ్చి తొట్టి పైన మేకుకి తగిలించింది. "బహుమానం తిరిగిచ్చేస్తున్నావా ఏమ్మా?" అన్నాడు పెద్దాయన దారినపోతూ. "లేదండీ, ఇక్కడ టైము చూసుకోవాలి" అంది.

ఇది జరిగి మూడేళ్లయింది. ఇప్పుడు పిన్నికి యాభై ఆరేళ్లు. అదే గదిలో రోజుకి రెండు జాడీలు కలుపుతుంది. కాల్షియం వేసేముందు పక్క గదిలోంచి ఎవరినైనా ఒకరిని పిలిచి, త్రాసు చూపించి, నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకుంటుంది.